తిరగేసి కుట్టిన చొక్కా

ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతూనే ఉండేది గానీ అది ఉత్త అలంకారానికే. గుమ్మంలో మనిషి నిలబడి "అక్కా, ఒక చొక్కా కుట్టాలి" అనేలోపే ఆమె కళ్ళు పైనుంచి కిందిదాకా ఒకసారి పాకి, భుజం ఇంత, ఛాతీ ఇంత, చెయ్యి పొడవు ఇంత అని తేల్చేసేవి. ఇరవై ఆరేళ్ళలో తప్పిన కొలత ఒక్కటే. అదీ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని నిలబడిన ఒక బ్యాంకు గుమాస్తాది. "అబద్ధమాడింది మీ పొట్టండీ, నా కన్ను కాదు" అని ఆయన మొహం మీదే అనేసి, పక్కలు విప్పి మళ్ళీ కుట్టిచ్చింది.

ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద మిషను, గోడకి గుడ్డల అల్మారా, మధ్యలో కత్తిరించడానికి ఒక పొడుగాటి బల్ల. వెనక గదిలో సంసారం. పెరట్లో కుళాయి, దాని పక్కన రెండు బట్టలుతికే బండలు. ఒకటి ఇంట్లోవాళ్ళ బట్టలకి. రెండోది ఆమె మొగుడు పనిలో వేసుకునే బట్టలకి మాత్రమే.

మొగుడు పత్తి చేలకి మందు కొట్టేవాడు. ఇళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ చేలు మొదలయ్యేవి, కనుచూపు మేరంతా పత్తే. ఎవరి చేనికి పురుగు పట్టినా కబురు అతనికే వచ్చేది. వీపు మీద మందు ట్యాంకు, ఎడమ చేత్తో పంపు కొట్టే పిడి, కుడిచేతిలో గొట్టం. అందుకే అతనికి పంపాయన అని పేరు పడిపోయింది. పనిలో అతన్ని మించినవాడు లేడు. ఆకు అడుగున కూడా పొడి వదిలేవాడు కాదు. గొట్టం చివర నాజిలు పూడుకుపోతే నోటితో ఊది శుభ్రం చేసేవాడు. మందు సీసాలతోపాటు ఇచ్చిన ముక్కుగుడ్డని మెడకి చుట్టుకుని చెమట తుడుచుకునేవాడు.

"అది ముక్కుకి కట్టుకోమని ఇచ్చార్రా, మెడకి కాదు" అని అతని అక్క కనిపించినప్పుడల్లా తిట్టేది. ఆవిడ ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ళ అవతల. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"మందుకి పురుగు చస్తుంది గానీ మనిషి చస్తాడా? నేనేమన్నా పురుగునా అక్కా?" అనేవాడు పంపాయన.

"తిండి దగ్గర చూస్తే అలాగే ఉంటావు" అనేది ఆవిడ. ముగ్గురూ నవ్వేవారు.

సాయంత్రం అతను పెరటి దారినే ఇంట్లోకి వచ్చేవాడు. చొక్కా వీపంతా తడిసి ఉండేది. ట్యాంకు మూత దగ్గర వాషరు అరిగిపోయి, నడిచినప్పుడల్లా మందు చుక్కచుక్కగా వెన్ను మీదికి కారేది. వాషరు మార్చాలని ప్రతి ఏడూ అనుకునేవాడు. కొలతలమ్మ ఆ చొక్కాని కర్రతో ఎత్తి, రెండో బండ మీద ఉతికేది. ఆ నీళ్ళు పారిన చోట గడ్డి మొలవడం మానేసింది. ఆమె అది చూసింది. చూసి, కాలవని ఇంకో వైపుకి మళ్ళించింది. అంతే.

ముందు గదిలో ఆమె కత్తిరించే తానులూ అదే పత్తివని ఆమెకి తెలియక కాదు. పగలు ఆమె చేతికింద తెల్లగా, మెత్తగా జారే గుడ్డకీ, సాయంత్రం కర్రతో ఎత్తే చొక్కాకీ మధ్య సంబంధం ఒకటి ఉందని మనసుకి తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు.

ఆ చేలన్నిటి మధ్యా ఒక్క చేను వేరుగా ఉండేది. దాన్ని ఒక ఒంటరి ఆడమనిషి సాగుచేసేది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. తల్లినుంచి వచ్చిన నాలుగెకరాలు. తల్లి పోయేముందు రెండేళ్ళు మంచం మీద తీసుకుంది. ఆ రెండేళ్ళలో ఏం చూసిందో ఏమో, ఆ తర్వాత ఆవిడ తన చేలోకి మందు చుక్క రానివ్వలేదు. పేడ, ఆకు కుళ్ళబెట్టిన ఎరువు, చేదాకుల కషాయం. తెల్లారగానే ఆకులు తిరగేసి ఏ పురుగు ఎన్ని ఉన్నాయో చూసుకునేది. పురుగుల్ని తినే పురుగులు కూడా ఉంటాయనేది. ఏడాదికోసారి తనిఖీవాళ్ళు వచ్చి మట్టీ ఆకూ తీసుకెళ్ళి పరీక్ష చేసి, ఇది మందులు లేని పత్తి అని కాగితం ఇచ్చేవారు. పక్క ఊళ్ళో ఒక నేతవాళ్ళ ఇల్లు ఆ పత్తినే వడికించి, రంగూ పూతా ఏమీ వెయ్యకుండా గుడ్డ నేసేది.

ఆవిడకి పురుగులమ్మ అని పేరు పెట్టింది పంపాయనే. "అందరూ పశువుల్ని పెంచుతారు, ఆవిడ పురుగుల్ని పెంచుతుంది. రోజూ పొద్దున్నే లెక్క చూసుకుంటుంది, ఒక్కటి తగ్గినా బెంగ పెట్టుకుంటుంది" అని టీ కొట్టు దగ్గర చెప్పి అందర్నీ నవ్వించేవాడు. పేరు అతికినట్టు సరిపోయింది. చివరికి ఆవిడ కూడా ఆ పేరుకే పలికేది.

ఒక ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పురుగులమ్మ చేనికి ఆనుకుని ఉన్న పెద్ద చేనులో పురుగు విపరీతంగా పెరిగింది. ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. వాన పడేలోపు మందు కొట్టెయ్యమని ఆ చేను యజమాని తొందర పెట్టాడు. గాలి ఈడ్చి కొడుతోంది. పంపాయన కొట్టేశాడు. మందు పొగలా లేచి గట్టు దాటి పురుగులమ్మ చేను మీద పడింది. ఆ తర్వాత నెలకే తనిఖీవాళ్ళు వచ్చారు. ఆకులో మందు దొరికింది. కాగితం రద్దయింది. మళ్ళీ రావాలంటే మూడేళ్ళు ఆగాలన్నారు.

ఆ మర్నాడు పురుగులమ్మ వచ్చి వీళ్ళ గుమ్మంలో నిలబడింది. కొలతలమ్మ మిషను మీద ఉంది. పంపాయన అరుగు మీద కూర్చుని గొట్టం బాగుచేసుకుంటున్నాడు.

"గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదా?" అని అడిగింది ఆవిడ. గొంతు పెంచలేదు.

"గాలికి నేను చెప్పగలనా అక్కా? నా మాట మా ఆవిడే వినదు, ఇంక గాలేం వింటుంది?" అన్నాడు పంపాయన.

మిషను దగ్గర కొలతలమ్మకి నవ్వు ఆగలేదు. మొహం పక్కకి తిప్పుకుంది గానీ నవ్వు బయటికి వినిపించింది. పురుగులమ్మ ఒక్కసారి లోపలికి చూసింది. ఇంకేం అనకుండా వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడు, వానలు ఆగిపోయి ఎండలు మండిపోతున్న రోజుల్లో, పంపాయన చేలోనే పడిపోయాడు. ముగ్గురు మనుషులు మోసుకొచ్చారు. నోట్లోంచి నురుగ, ఒళ్ళంతా చెమట, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. వీపు మీద ట్యాంకు ఇంకా అలాగే ఉంది, పట్టీలు విప్పాలని ఎవరికీ తోచలేదు. ఆస్పత్రిలో నర్సు ఆ ట్యాంకు చూసి "ముందు అది తియ్యండి, చొక్కా చింపెయ్యండి!" అని అరిచింది. చొక్కా కత్తిరించింది కొలతలమ్మే. తను కుట్టిన చొక్కా. కత్తెర ఆడుతుంటే చొక్కాతోపాటు కొంత చర్మం కూడా లేచి వచ్చింది.

పదకొండు రోజులకి ప్రాణం నిలబడింది. మనిషి మాత్రం నిలబడలేకపోయాడు. చేతులు వణికేవి. నాలుక మడతపడి మాట ముక్కలుముక్కలుగా వచ్చేది. అన్నిటికంటే పెద్ద బాధ వీపు. ఏళ్ళ తరబడి నానిన చర్మం. కొంత మానితే ఇంకో చోట లేచేది. గుడ్డ తగిలితే చాలు, నిప్పు అంటుకున్నట్టు అరిచేవాడు. పడుకోలేడు, వెనక్కి వాలలేడు. స్టూలు మీద కూర్చుని, కత్తిరింపు బల్ల మీద తలగడ వేసుకుని, దాని మీదికి ఒరిగి అలాగే కునికేవాడు. ఊరంతటికీ బట్టలు కుట్టే మనిషి ఇంట్లో మొగుడు ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చున్నాడు.

మొదట్లో ఇంటికి వచ్చేవాళ్ళు అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయేవారు. కొలతలమ్మ గదికి అడ్డంగా ఒక దుప్పటి కట్టింది. కట్టి, కత్తెర పట్టుకుని కూర్చుంది. అల్మారాలో ఉన్న ప్రతి తానూ తీసి చూసింది. పల్చటి గుడ్డతో చొక్కా కుట్టింది, తొడిగిన గంటకే వీపు ఎర్రగా దద్దుర్లు తేలింది. తెల్లగుడ్డ తెచ్చి నాలుగుసార్లు ఉతికి కుట్టింది, అదీ అంతే. పాత దుప్పట్లు చింపి చూసింది. అందులో సగం దారం పత్తి కానే కాదని ఉతికితే గానీ తెలియలేదు. కొన్ని బాగానే ఉన్నాయనిపించేవి, ఒక పూటకి చివికిపోయేవి. ఏడు చొక్కాలు అలా పోయాయి.

చర్మ వ్యాధుల డాక్టరమ్మ ఆ ఏడో చొక్కాని చేతిలోకి తీసుకుని చూసింది.

"గుడ్డ మిల్లులో ముడతలు పడకుండా పూత వేస్తారమ్మా. తెల్లగా కనబడటానికి ఒకటి, మెరవడానికి ఒకటి. మామూలు ఒంటికి ఏం కాదు. మీ ఆయనది పాడైపోయిన చర్మం, అది ఏదీ తట్టుకోలేదు. రంగూ పూతా ఏమీ లేని ఉత్త పత్తి గుడ్డ దొరికితే చూడండి. మందులు వెయ్యకుండా పండించి, మందులు వెయ్యకుండా నేసినది. అయితే ఒక మాట, గుడ్డ మందు కాదు. హాయిగా ఉంటుందేమో గానీ నయం చెయ్యదు."

కొలతలమ్మ అడిగింది. "చేలో కొట్టిన మందు కూడా గుడ్డలో ఉంటుందా డాక్టరమ్మా?"

"చాలావరకు ఉండదు. ఉతుకుల్లో, ఉడకబెట్టడాల్లో పోతుంది. చొక్కా దాకా రాదు."

ఆస్పత్రి నుంచి ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ మాట ఆమెని వదల్లేదు. చొక్కా దాకా రాదు. మరి అదంతా ఎక్కడికి పోయింది? చొక్కా వేసుకునేవాడి దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. అది ఆగిపోయిన ఒళ్ళు ఆమె ఇంట్లో స్టూలు మీద కూర్చుని ఉంది.

అలాంటి గుడ్డ ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గర ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. చెప్పాల్సింది తన కాళ్ళకే. రెండు రోజులు కదల్లేదు అవి. మూడో రోజు ఆడపడుచుని మొగుడి దగ్గర కూర్చోబెట్టి బయల్దేరింది.

పురుగులమ్మ చేలో వంగి కలుపు తీస్తోంది. కొలతలమ్మ గట్టు మీద ఆగింది. చెప్పులు విప్పాలో వద్దో తెలియక విప్పేసింది.

"అక్కా..."

పురుగులమ్మ తలెత్తి చూసి మళ్ళీ వంగింది.

"నీ దగ్గర గుడ్డ ఉందేమోనని వచ్చాను. మా ఆయన ఒంటి మీద ఏ బట్టా నిలవట్లేదు. డాక్టరమ్మ చెప్పింది..."

"విన్నాను."

"రెండు గజాలు చాలక్కా. గజమైనా చాలు. ఎంత చెబితే అంత ఇస్తాను."

పురుగులమ్మ చేతిలో కలుపు గట్టు మీదికి విసిరింది. "మూడేళ్ళ దాకా కాగితం లేకుండా పోయింది నాకు. పత్తి అదే పత్తి. కాగితం లేదని మామూలు పత్తిలో కలిపి అమ్ముకున్నాను. అది కాదు నాకు బాధ. నీ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

కొలతలమ్మ క్షమించమనడానికి నోరు తెరిచింది గానీ, ఆ మాట గుడ్డ కోసం అన్నట్టే ఉంటుందని నోరు మూసుకుంది.

"గుడ్డ లేదు" అంది పురుగులమ్మ.

కొలతలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, వేసుకోవడం కూడా మర్చిపోయి, రోడ్డు దాకా నడిచింది.

ఇంటికి వచ్చి ఆడపడుచుకి జరిగింది చెప్పింది. ఎప్పుడూ ఒక మాటకి పది మాటలు అనే మనిషి ఆ రోజు ఒక్కటే అంది. "ఆవిడ స్థానంలో నేనుంటే గట్టు ఎక్కనిచ్చేదాన్ని కాదే."

ఐదు రోజులు గడిచాయి. ఒక పొద్దున పురుగులమ్మ చంకలో మూటతో వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనకముందే వచ్చేసింది. దుప్పటి పక్కకి తొలగించి చూసింది.

పంపాయన బల్ల మీదికి ఒరిగి ఉన్నాడు. వీపు తలుపు వైపుకే ఉంది. పురుగులమ్మ ఆ వీపుని చూస్తూ నిలబడిపోయింది. ఎంతసేపు చూసిందంటే, కొలతలమ్మకి ఏం చెయ్యాలో తెలియక కుర్చీ తెచ్చి వేసి, మళ్ళీ తీసేసి, మళ్ళీ వేసింది.

అలికిడికి పంపాయన మెల్లగా తల తిప్పాడు. గుర్తుపట్టాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. గట్టిగా ఊపిరి తీసుకుని మళ్ళీ ప్రయత్నించాడు.

"గా... గాలి..."

"ఊరుకోవయ్యా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అంది కొలతలమ్మ.

అతను చెయ్యి ఊపి ఆమెని ఆపాడు. ఆ చెయ్యి గాల్లో వణుకుతూనే ఉంది.

"గాలి... చూశాను. నీ వైపే... ఉంది. చూసే... కొట్టాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కొలతలమ్మకి ఆ సంగతి ఆ క్షణం దాకా తెలియదు. ఇరవై ఏళ్ళ కాపురంలో మొగుడి మాట అబద్ధమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తను నవ్వింది ఒక అబద్ధానికి అని ఇప్పుడు తెలిసింది.

"తెలుసు" అంది పురుగులమ్మ. "మందు కొట్టేవాడికి గాలి తెలియకపోవడం ఉంటుందా?" మూట బల్ల మీద పెట్టింది. "కాగితం పోకముందు పండిన పంటది ఇది. నేతవాళ్ళు నేసిన చివరి తాను. నా కోసమని దాచుకున్నాను. ముందు ఉత్త నీళ్ళలో నానబెట్టు. సబ్బు వద్దు. నీడన ఆరబెట్టు."

"మా అమ్మ వీపు కూడా..." అని ఏదో అనబోయి ఆపేసింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ గుడ్డ తెలుపు కాదు, మీగడ రంగు. అక్కడక్కడ గింజపొట్టు మచ్చలు సన్నగా కనిపించేవి. కొలతలమ్మ వేలు ఇరవై ఆరేళ్ళుగా గుడ్డల మీద తిరిగిన వేలు. ముట్టుకోగానే ఆ గుడ్డ జారిపోలేదు. కాస్త పట్టుకున్నట్టు, మెత్తగా, ఊపిరి తగిలినట్టు ఉంది. మొహానికి ఆనించుకుంటే మట్టి వాసన లాంటిదేదో తప్ప ఇంకే వాసనా లేదు. కొత్త తాను విప్పితే ముక్కుకి కొట్టే ఘాటునే ఇన్నాళ్ళూ కొత్త గుడ్డ వాసన అనుకుంది ఆమె.

నానబెట్టి, ఆరబెట్టి, కత్తిరించడానికి కూర్చుంది. కొలత తీసుకోవడానికి మొగుడి వైపు చూసింది. కళ్ళు అలవాటుగా పాకాయి. ఛాతీ నాలుగంగుళాలు తగ్గింది. భుజం ఒకటిన్నర. చూడకుండా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది ఆమెకి. మామూలు ఆడది మొగుడు చిక్కిపోయాడు అనుకుంటుంది. ఆమెకి ఎన్ని అంగుళాలు చిక్కిపోయాడో తెలుస్తోంది.

కుట్లు ఒరుసుకోకుండా చొక్కాని తిరగేసి కుట్టింది. మడతలు, కుట్లు అన్నీ బయటికి. లోపలి వైపు అద్దంలా నున్నగా. కాలరు లేదు, గుండీలు లేవు. ముందు వైపు తెరిచి ఉంచి, అదే గుడ్డతో కట్లు పెట్టింది. తల మీంచి తొడగక్కర్లేదు, చేతులు దూర్చి ముందు వదులుగా కట్టేయొచ్చు.

ఆడపడుచు వచ్చి చూసింది. "ఇదేమిటే? నా తమ్ముడికి చొక్కా తిరగేసి తొడిగావు! మాట పోయింది గానీ బుర్ర పోలేదు వాడికి. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"లోపల... నేను... బాగున్నాను. బయట... మీకు... కుట్లు" అన్నాడు పంపాయన.

ఆ ముక్క చెప్పడానికి అతనికి చాలా సేపు పట్టింది. అర్థమయ్యాక అక్క పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

కొలతలమ్మ గడియారం చూస్తూ కూర్చుంది. గంట అయింది. దద్దుర్లు లేవు. రెండు గంటలయింది. అతను మెల్లగా స్టూలు మీంచి లేచి, మంచం దాకా వెళ్ళి, ఒక పక్కకి ఒరిగాడు. ఆ మధ్యాహ్నం నాలుగు గంటలు నిద్రపోయాడు. ఆ నాలుగు గంటలూ ఆమె మిషను తొక్కలేదు, చప్పుడవుతుందని.

డాక్టరమ్మ చెప్పింది నిజమే. గుడ్డ మందు కాదు. వీపు సగం మానింది. లోపల పాడైంది మానలేదు. ఆ తానులోంచి మొత్తం నాలుగు చొక్కాలు వచ్చాయి. ప్రతి చొక్కా ముందుదానికంటే చిన్నదిగా కుట్టింది ఆమె. నాలుగోదాన్ని మాత్రం కావాలనే పెద్దదిగా కుట్టింది, మొదటి చొక్కా కొలతతో. అది తొడిగితే అతను అందులో మునిగిపోయాడు.

"ఎవరిదే ఇది?" అని కళ్ళతో అడిగాడు.

"నీదే. ఒళ్ళు చేస్తావుగా, అప్పటికి సరిపోతుంది."

అతను ఆమె మొహం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత వణికే వేళ్ళతో కట్టు ఒకదాన్ని ముడెయ్యడానికి ప్రయత్నించాడు. పడలేదు. ఆమె వెయ్యబోతే వద్దన్నాడు. పడేదాకా ప్రయత్నించాడు.

పడిపోయిన తొమ్మిదో నెలలో, ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా పోయాడు. తీసుకెళ్ళేముందు అతనికి పెట్టెలో ఉన్న మంచి చొక్కా తొడగాలని ఎవరో అన్నారు. "ఇంకే గుడ్డనీ ఆ వీపు తాకనివ్వను" అంది కొలతలమ్మ. తిరగేసి కుట్టిన ఆ పెద్ద చొక్కాతోనే పంపింది.

ఆ తర్వాత చాలా రోజులు మిషను మీద దుమ్ము పడింది. మళ్ళీ కూర్చున్నది డాక్టరమ్మ పంపిన ఒక రోగి కోసం. ఒళ్ళు కాలిన ఒక వంటమనిషి. అలాంటి చొక్కాయే కావాలంది. గుడ్డ కోసం కొలతలమ్మ మళ్ళీ చేనికి వెళ్ళింది. ఈసారి పురుగులమ్మ లేదనలేదు. నేతవాళ్ళ ఇంటికి తనే తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఇద్దరూ నాలుగు మాటలకి మించి మాట్లాడుకోలేదు. కాగితం లేకపోయినా ఆ ఏడు పత్తిలో కొంత ఆ ఇంటికే ఇచ్చింది పురుగులమ్మ, కొలతలమ్మ కుట్టడానికని.

అలా ఒంటికి ఏదీ పడనివాళ్ళు ఒకరొకరుగా వచ్చారు. పసిపిల్లల తల్లులు కొందరు వచ్చారు. మిగతావాళ్ళు మామూలే, రంగురంగుల తానులు తెచ్చేవారు, ఆమె కుట్టిచ్చేది. ఒకసారి బడి పెద్ద టీచరమ్మ ఆ మీగడ రంగు గుడ్డ పట్టుకుని చూసి "ముడతలు పడుతుందేమో కదా! ఏముంది ఇందులో గొప్ప?" అని అడిగింది.

"ముడతలు పడుతుందండి. ఇస్త్రీ రెండురోజులు కూడా నిలవదు" అంది కొలతలమ్మ. "చెమట పీల్చుకుంటుంది. దురద పెట్టదు. ఉతికే కొద్దీ మెత్తబడుతుంది, ఉతికిన నీళ్ళు మొక్కలకి పోసుకోవచ్చు. మామూలు గుడ్డ వేసుకున్నా మీకేం కాదు టీచరమ్మా, ఆ మాట డాక్టరమ్మే చెప్పింది. కాకపోతే ఈ పత్తి పండించిన మనిషి సాయంత్రం ఇంటికి వెళ్ళి వెల్లకిలా పడుకుంటుంది."

టీచరమ్మకి అర్థం కాలేదు. అయినా ఒక చొక్కా గుడ్డ తీసుకుంది. ఇంకోసారి రాలేదు.

కాగితం మూడో ఏడు వచ్చింది. తనిఖీవాళ్ళు మట్టీ ఆకూ తీసుకెళ్ళి, బాగుందని కబురు పంపారు. ఆ ఏడు పత్తి తీతకి రమ్మని పురుగులమ్మ కొలతలమ్మని పిలిచింది. కూలికి కాదు, ఊరికే రమ్మంది. కొలతలమ్మ అంతకుముందు ఎప్పుడూ చేలోకి దిగలేదు. మందు చేలలోకి ఆడవాళ్ళు రావద్దని పంపాయన రానిచ్చేవాడు కాదు.

ఇద్దరూ పక్కపక్క సాళ్ళలో మొదలుపెట్టారు. పగిలిన కాయలోంచి దూది ఎలా లాగాలో పురుగులమ్మ ఒకసారి చూపించింది. కొలతలమ్మకి త్వరగానే చెయ్యి తిరిగింది. పక్క చేలోంచి చప్పుడు వినిపించింది. ట్యాంకు వీపున వేసుకుని ఎవరో పంపు కొడుతున్నారు. పిడి పైకీ కిందికీ ఆడే ఆ కిర్రుకిర్రు చప్పుడు ఆమెకి తెలియనిది కాదు. గాలి వీళ్ళ మీదినుంచి అటువైపుకే ఉంది. పురుగులమ్మ ఒకసారి తలెత్తి గాలి చూసుకుని మళ్ళీ పనిలో పడింది.

కొలతలమ్మ మాత్రం కదల్లేకపోయింది. గట్టు అవతలి మనిషి మొహం కనిపించట్లేదు, వీపే కనిపిస్తోంది. చొక్కా మధ్యలో తడి మరక కనిపిస్తోంది. భుజం పదిహేడున్నర, ఛాతీ ముప్పై ఎనిమిది. ఆమె దూది చేతిలో పట్టుకుని అలాగే సాలులో కూలబడిపోయింది. మొగుడు పోయిన రోజున రాని ఏడుపు, ఎవరు ఎన్ని చెప్పినా రాని ఏడుపు, ఇప్పుడు వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు.

కాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, గట్టు దాకా వెళ్ళి అవతలి మనిషిని కేకేసింది. అతను పంపు ఆపి, ముక్కుగుడ్డ మెడ మీద సవరించుకుంటూ దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి.

"నీ ట్యాంకు కారుతోందయ్యా. మూత దగ్గర వాషరు పోయింది."

"తెలుసమ్మా, మారుస్తాలే" అని నవ్వాడు అతను.

"ఈ రోజే మార్చు."

అతను ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. పంపు చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆమె సాలులో కాయలన్నీ ఒలిచి ఉన్నాయి. పురుగులమ్మ తన సాలు వదిలేసి ఈ సాలే తీసుకుంటూ చాలా దూరం వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. కొలతలమ్మ సంచి భుజాన వేసుకుని, ఆవిడ వదిలేసిన సాలులోకి దిగింది.